నలభై ఒకటో నంబరు స్థలం

సాయంత్రం నాలుగింటికి జాలరి నానిని అవనిగడ్డ కోర్టులో హాజరు పెడతారు. ఈలోగా అతను హంతకుడు కాడని చెప్పే ముక్క ఏదైనా దొరకాలి. దొరక్కపోతే రిమాండు, తర్వాత చార్జిషీటు, ఆ పైన ఏళ్ళూ పూళ్ళూ. డిటెక్టివ్ సీతారత్నం పొద్దున్నే బందరులో ఒక కాలేజీ కంప్యూటరు గదిలోకి వచ్చి కూర్చున్నది అందుకే.

ఇరవయ్యేళ్ళు పాలిటెక్నిక్‌లో డ్రాయింగు పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు పెట్టిన మనిషి ఆమె. బోర్డు పెట్టిన కొత్తలో ఊరు నవ్వింది. ఇప్పుడు నవ్వడం లేదు. ఆమె మాత్రం అప్పుడూ నవ్వలేదు, ఇప్పుడూ నవ్వదు.

చచ్చిపోయినవాడు కౌండిన్య. ముప్పై రెండేళ్ళ ఆర్కిటెక్టు. ఈ కాలేజీలోనే పాఠాలు చెబుతూ, ఊళ్ళకి ప్లాన్లు గీసే కంప్యూటరు ప్రోగ్రాం ఒకటి రాశాడు. ఎన్ని కుటుంబాలో, నేల ఎటు పల్లమో చెబితే అది వందల ప్లాన్లు గీస్తుంది. గాలివాన వస్తే జనం తుపాను షెల్టరుకి ఎంత తొందరగా చేరగలరో చూసి ఒక్కో ప్లానుకీ మార్కులు వేస్తుంది. నాగాయలంక దిగువన జాలర్లకి కట్టిన కొత్త కాలనీ అలా పుట్టిందే.

పోయిన వారం గాలివానకి అక్కడ ఏటిపాయ పొంగింది. కాలనీలో మూడో సందుకి పైకొసన అడ్డంగా గోడ ఉంది. ఉన్న ఒక్క దారీ ఏటివైపే. నీళ్ళ నుంచి పారిపోవడానికి జనం నీళ్ళలోకే దిగాల్సి వచ్చింది. ఒక ముసలమ్మా, ఆ సందులో మేనత్త ఇంటికి వెళ్ళిన నాని కూతురూ కొట్టుకుపోయారు. పిల్లకి ఆరేళ్ళు. మర్నాడు కౌండిన్య పరామర్శకి వెళ్తే, నాని పదిమందిలో అతని కాలరు పట్టుకుని, నిన్నూ నీ కంప్యూటర్నీ కలిపి పాతేస్తానన్నాడు. నిన్న తెల్లవారేసరికి కౌండిన్య అదే గోడ పక్కన తల పగిలి పడి ఉన్నాడు. పక్కన నాని ఇంటి గునపం. ఇంతకంటే మంచి కేసు ఏ పోలీసుకి కావాలి? సీఐ పిచ్చేశ్వరరావుకి అక్కర్లేదు.

నిన్న మధ్యాహ్నం నాని తల్లి అంకమ్మ బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ సీతారత్నం ఇంటికి వచ్చింది. “మనవరాలు పోయింది. కొడుకునైనా నాకు మిగల్చమ్మా,” అంది. ఏడవలేదు. ఏడిస్తే సీతారత్నం కొంచెం తేలిగ్గా కాదనగలిగేదేమో.

“మీ సారు ఇక్కడ ఆఖరిసారి ఎప్పుడు కూర్చున్నారు?” అని అడిగింది సీతారత్నం.

ఎదురుగా ఉన్న సరళ కౌండిన్య శిష్యురాలు. ప్రోగ్రాం నడపడం ఆమెకి తప్ప ఎవరికీ రాదు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

“సోమవారం మధ్యాహ్నం దాకా మేడమ్. వారం నుంచి తిండి లేదు, నిద్ర లేదు. ఇద్దర్ని చంపేశాను సరళా అంటూ ప్లాన్లన్నీ మళ్ళీ మళ్ళీ గీయించారు. తప్పెక్కడుందో వెతికారు.”

“దొరికిందా?”

“లేదండీ. ఆ సందు మూసుకుపోవడానికే వీల్లేదు. ప్రతి ఊరికీ వ్యాకరణం ఉంటుందనేవారు సారు. మా వ్యాకరణంలో మొదటి సూత్రం, ఏ సందుకైనా రెండు నోళ్ళుండాలి. రెండోది, షెల్టరుకి వెళ్ళే దారి ఎక్కడా పల్లానికి దిగకూడదు. ఈ రెండూ తప్పితే ప్రోగ్రాం ఆ ప్లానుని అక్కడే పారేస్తుంది.”

“మరి గోడ ఎక్కణ్ణించి వచ్చింది?”

“మా ప్లాన్లో లేదు. హౌసింగు ఆఫీసు వాళ్ళనడిగితే కంప్యూటరు ఇచ్చినట్టే కట్టామంటారు. కంప్యూటరు వచ్చి కాదనలేదు గదండీ.”

సీతారత్నం కుర్చీ ముందుకి జరుపుకుంది. “ఆ గోడని ఇందులో పెట్టు. పెట్టి మార్కులు వెయ్యమను.”

ప్లానుని పారేయకుండా మార్కులు మాత్రం వేసేలా సరళ మీటలు నొక్కింది. తెరమీద మూడో సందు చివర ఒక గీత పడింది. మార్కులు ధన్‌మని పడిపోయాయి. సరళ తల తిప్పుకుంది.

“చూశారుగా మేడమ్. ఎవరికి ఎంత నష్టమో ఇంటింటికీ చెబుతోంది.”

“నష్టం నాకు తెలుసమ్మా. లాభం ఎవరికో చెప్పమను.”

“లాభమా? దారికి అడ్డంగా గోడ కడితే లాభమేముంటుందండీ?”

“గోడ తనంతట తాను లేవదు. ఇటుకలూ సిమెంటూ ఎవరో మోసుకొచ్చారు. ఎవరికో ఏదో ఒరిగే ఉంటుంది. ఒక్క మార్కయినా పెరిగిందేమో వెతుకు.”

సరళ ఒక్కొక్క వరసా చూసుకుంటూ కిందికి వెళ్ళింది. అన్నీ తరుగుదలే. అట్టడుగున ఒక్క వరసలో మాత్రం ఒకటి ఉన్న చోట సున్నా వచ్చింది.

“ఇది... వీధిపోటు మేడమ్. ఒకటుండేది, గోడ పెడితే పోయింది.”

సీతారత్నం తెరమీద ఆ సున్నా దగ్గర వేలు పెట్టింది. వీధి సూటిగా వచ్చి ఏ ఇంటి గుమ్మానికి తగిలితే ఆ ఇంటికి కీడని కోస్తాలో పసిపిల్లవాడైనా చెబుతాడు. అలాంటి ఇల్లు అద్దెకిచ్చినా ఎవరూ దిగరు. కానీ ఆ మాట కంప్యూటరు లోపల ఉంటుందని ఆమె అనుకోలేదు.

“ఇది కూడా మీ వ్యాకరణమేనా?”

“గీత గీయకముందు సారు ఆ ఊళ్ళో కూర్చుని, ఇల్లంటే మీకేం కావాలి, ఏం వద్దు అని అందర్నీ అడిగారు. వీధిపోటు వద్దని అందరూ అన్నారట. మా ప్రిన్సిపాల్ నవ్వారు. ఉండబోయేది వాళ్ళు, మనం కాదు అని సారు దాన్నీ సూత్రంగా పెట్టారు. కానీ పూర్తిగా పోలేదండీ. సందుకి రెండు నోళ్ళుండాలంటే ఎక్కడో ఒకచోట ఒక్క పోటు తప్పలేదు. నలభై ఒకటో నంబరు స్థలం. దాన్ని ఇంటికివ్వకుండా వలల షెడ్డుకి వదిలేశారు. వలలకి వీధిపోటేమిటి అన్నారు.”

“సోమవారం ఆయన ఈ సున్నా చూశారా?”

“చూశారేమోనండీ. మధ్యాహ్నం ఆయనే గోడని ఇందులో పెట్టుకున్నారు. పెట్టిన కాసేపటికి నవ్వారు. వారం తర్వాత అదే నవ్వడం. వెంటనే లేచి బస్సుకి వెళ్ళిపోయారు.”

గోడ తన తప్పు కాదని తేలి, ప్రాణం తేలికపడి నవ్విన మనిషి, ఆ రాత్రి గడవకముందే శవమయ్యాడు.

*

ఆమె కాలనీలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. గోడ ఆమె తలకంటే ఎత్తుగా ఉంది. దానికి అటు మూడో సందు, ఇటు అడ్డవీధి. అడ్డవీధి మీదుగా కుడిచేతి వైపు తిరిగితే షెల్టరు కనిపిస్తూనే ఉంది. ఇంత దగ్గర. గోడ లేకపోతే అటు నుంచి ఆ పిల్లకీ కనిపించి ఉండేది.

ఆమె గోడకి వీపు పెట్టి నిలబడి ఎదురుగా చూసింది. నలభై ఒకటో స్థలంలో వలల షెడ్డు లేదు. ఇల్లుంది. గోడకి ఎదురుగా ఉన్న గుమ్మం అదొక్కటే. ఆ ఇంటి ప్రహరీకి సరిగ్గా నడిమధ్యన, పసుపూ కుంకుమా పూసిన చిన్న వినాయకుడి బొమ్మ బిగించి ఉంది. వీధిపోటు ఉన్న ఇంటివాళ్ళు దోషం తగలకుండా అలా పెట్టుకుంటారు. ఈ వినాయకుడికి ఎదురుగా వీధి లేదు. వట్టి గోడ ఉంది.

‘వీధే లేనప్పుడు పోటెక్కడిది?’ అనుకుంది సీతారత్నం. ఈ బొమ్మని బిగించిన రోజున ఇక్కడ సందు తెరిచే ఉంది. గోడ తర్వాత లేచింది. దానివల్ల మేలు జరిగింది ఈ ఒక్క ఇంటికే.

“ఏం మేడమ్, కంప్యూటరు హంతకుడి పేరు చెప్పిందా?”

సీఐ పిచ్చేశ్వరరావు జీపు దిగి వచ్చాడు. తెలివితక్కువవాడేం కాదు. ఇద్దరూ ఇంతకుముందు రెండు కేసుల్లో ఢీకొన్నారు. ఒకటి ఆయన గెలిచాడు, ఒకటి ఈమె గెలిచింది. ఆ లెక్క ఇద్దరికీ గుర్తే.

“పేరు చెప్పలేదు గానీ, మీరు పట్టుకున్నవాడు కాదని చెప్పింది.”

“అలాగా. కోర్టులో దాన్నే సాక్ష్యానికి పిలుద్దాం. బోనులోకి ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలేమో.” ఆయన టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. “గునపం వాళ్ళింటిది. చంపుతానన్నది వాడు. సోమవారం చీకటిపడే వేళ ఊరంతా షెల్టరు దగ్గర బియ్యం పంచుతుంటే అక్కడుంది. వీడు లేడు. ఎక్కడున్నావురా అంటే తాగి కరకట్ట మీద పడుకున్నానంటాడు. చూసినవాళ్ళు లేరు. ఇంకేం కావాలి మీకు?”

“మీ ఫోటోలు కావాలి. శవం దొరికినప్పుడు గోడకి కన్నం ఉందా?”

“కన్నమేమిటి? గోడ గోడలాగే ఉంది. నిన్న పొద్దున ఏడింటికి తీయించాను.”

“గునపానికి రక్తం కాక ఇంకేముంది?”

ఆయన కొంచెం ఆలోచించి, “సిమెంటు పొడి. గునపం అన్నాక ఉండదా?” అన్నాడు.

“రండి.” సీతారత్నం గోడ అడుగున మోకాళ్ళ మీద కూర్చుంది. “ఇక్కడ చూడండి. గోడంతా తెల్లగా ఎండిపోయింది. ఈ రెండు ఇటుకల చుట్టూ సిమెంటు మాత్రం నల్లగా, పచ్చిగా ఉంది. గోటితో గీస్తే రాలుతోంది. కౌండిన్య ఇక్కడ గోడ పగలగొట్టడం మొదలుపెట్టాడు. గునపం పట్టుకున్నది అతను. ఎవరో అతన్ని ఆపారు. తర్వాత తీరుబడిగా ఇటుకలు మళ్ళీ పెట్టి, మెత్తి, ఏమీ జరగనట్టు చేశారు.”

“నానిగాడే మెత్తి ఉంటాడు.”

“ఎందుకు? వాడి కూతురు ఈ గోడ మూలంగా పోయింది. గోడ పగలగొడుతున్నవాణ్ణి చూస్తే నాని రెండో గునపం తెచ్చి సాయం పట్టేవాడు. మెత్తుతాడా?”

“తాగినవాడికి సవాలక్ష ఉంటాయి మేడమ్. కారణాలు అడక్కండి.”

“సరే, అడగను. ఇది చెప్పండి. నానిని ఎప్పుడు పట్టుకున్నారు?”

“నిన్న పొద్దున ఆరింటికి. కరకట్ట మీద.”

“అప్పట్నించీ మీ దగ్గరే ఉన్నాడా?”

“లాకప్పులోనే. ఇంకెక్కడుంటాడు?”

సీతారత్నం అరచెయ్యి గోడ అడుగున నేలకి ఆనించి, తీసి ఆయనకి చూపించింది. చేతినిండా తడిమట్టి. చుట్టుపక్కల నేలంతా ఎండకి పెళ్ళలు రేగి ఉంది.

“కొత్త సిమెంటు గట్టిపడాలని దీనికి ఇవాళ పొద్దున కూడా ఎవరో నీళ్ళు పోశారు సీఐ గారూ. నాని మీ లాకప్పులోంచి వచ్చి పోసి వెళ్ళాడా?”

పిచ్చేశ్వరరావు వంగి తనే ఆ మట్టిని తాకి చూశాడు. లేచి వేళ్ళు నలుపుకున్నాడు. ఆయనలో ఈమెకి నచ్చే గుణం అదొక్కటే. కళ్ళ ముందున్నదాన్ని లేదనడు.

“సరే. వాడు కాదు. మరెవరు?”

“ఇంకా చెప్పలేను.”

“పై నుంచి ఫోన్లు వస్తున్నాయి. చదువుకున్నవాణ్ణి చంపారు, ఎవరో ఒకర్ని చూపించకపోతే నా పని అయిపోతుంది. వీధి చివర జీపులో ఉంటాను. పేరు తెచ్చారా, నానిని ఇక్కడికే తెచ్చి దింపుతాను. తేలేదా, నాలుగింటికి కోర్టు. తడిమట్టి సంగతి మీరే జడ్జిగారికి చెప్పుకోండి.”

ఆయన అటు వెళ్ళాడో లేదో నలభై ఒకటో ఇంటి తలుపు తెరుచుకుంది.

“వచ్చావా తల్లీ. ఎండలో నిలబడిపోయావేం? లోపలికి రా,” అంది అంకమ్మ. “మా నాని ఇల్లు ఇదే.”

కేసు ఒప్పజెప్పిన మనిషి గుమ్మంలోకే కేసు వచ్చి ఆగింది.

*

“ఈ స్థలం వలల షెడ్డుకి కదా పిన్నీ. మీకెలా వచ్చింది?” గడప మీద కూర్చుంటూ అడిగింది. గొంతు మామూలుగానే ఉంచుకుంది.

“నానికి వేరే రేషను కార్డు ఆలస్యంగా వచ్చిందమ్మా. చీటీలు తీసేటప్పటికి స్థలాలు అయిపోయినై. ఇదొక్కటుంది, తీసుకుంటే తీసుకో, లేకపోతే లేదన్నాడు ఆఫీసాయన. మా ముసలాయన ససేమిరా అన్నాడు. వీధిపోటులో నా మనవరాలు పెరగడానికి వీల్లేదు అని గోల. ఏం చేస్తాం? వినాయకుణ్ణి తెచ్చి పెట్టించాడు. తర్వాత మేం దిగే వేళకి ఆ గోడ కట్టేసి ఉంది. గవర్నమెంటోళ్ళకి దేవుడే ఆ బుద్ధి పుట్టించాడనుకున్నాం.” అంకమ్మ గోడవైపు చూసి, చూపు తిప్పేసుకుంది. “దేవుడు కాదు గదమ్మా.”

“ఇళ్ళు కట్టేటప్పుడు ఇక్కడ కాపలా ఎవరున్నారు?”

“మా ఆయనే. సిమెంటు బస్తాల దగ్గర పడుకునేవాడు.”

“సోమవారం సాయంత్రం నువ్వెక్కడున్నావు?”

“కోడలు రాజకుమారి తిండి మానేసి పడిపోతే గుడివాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాగా. నిన్న కబురొస్తే దాన్ని మా చెల్లెలికి అప్పజెప్పి వచ్చా. ఎందుకమ్మా?”

“బాబాయ్ ఉన్నాడా?”

“పెరట్లో ఉన్నాడు. మనిషి మాట్టాడ్డం మానేశాడు. నువ్వైనా పలకరించు. మజ్జిగ కలుపుకొస్తా.”

అంకమ్మ భర్త పోతయ్య పెరట్లో వల ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. బాగుచెయ్యడం లేదు. ఊరికే పట్టుకున్నాడు. వేళ్ళ కొసలు తెల్లగా పగిలి ఉన్నాయి. జాలరి చేతుల్ని ఉప్పు పగలగొడుతుంది గానీ ఇలా సున్నం వేసినట్టు చెయ్యదు. చేదబావి గట్టున ఖాళీ బకెట్టు ఉంది.

సీతారత్నం ఎదురుగా నేలమీదే చతికిలబడింది.

“నానితో గొడవున్న మనిషి గునపం అడిగితే నాని ఇవ్వడు. ఆ రోజు ఇంట్లో ఉన్నది నువ్వొక్కడివే. గునపం కౌండిన్యకి నువ్వే ఇచ్చావు కదా బాబాయ్?”

ముసలాయన తలెత్తలేదు. అబద్ధం ఆడతాడేమోనని ఆమె ఎదురుచూసింది. ఆడితే బాగుండునని కూడా ఆమెకొక క్షణం అనిపించింది.

“చీకటి పడతా ఉండగా వచ్చాడు,” అన్నాడు పోతయ్య చివరికి. “నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. నన్ను వాటేసుకున్నాడమ్మా. తాతా, నా తప్పు కాదు, నా ప్లాన్లో ఈ గోడ లేదు అన్నాడు. ఇప్పుడే పడగొడతా, గునపమియ్యి అన్నాడు. ఇచ్చాను. ఇవ్వకపోతే ఎందుకంటాడని ఇచ్చాను.”

“గోడ నువ్వు కట్టావని అతనికి తెలుసా?”

“తెలీదు. రెండు ఇటుకలు ఊడబెరికి, ఎవరు కట్టారో తెలుసుకుంటా తాతా, నానికి చెబుతా, వాడు నన్ను నమ్మాలి అన్నాడు. చెప్పొద్దు బాబూ అన్నాను. ఎందుకు చెప్పొద్దు అన్నాడు. నా మొహం చూశాడు. చూసి ఊరుకున్నాడు.” పోతయ్య వల గుప్పిట్లో నలిపాడు. “అర్థమైపోయింది ఆయనకి. అయ్యో తాతా అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గునపం లాక్కోబోయాను, ఆయన వదల్లేదు. నేను గట్టిగా లాగాను. అది ఊడొచ్చి...”

సీతారత్నం పూర్తి చెయ్యమనలేదు.

“కావాలని చెయ్యలేదు. అదే చెప్పు సీఐ గారికి,” అంది మెల్లగా. “నాలుగింటికి నానిని కోర్టుకి తీసుకెళ్తారు. నువ్వు నోరు విప్పితే ఇవాళే ఇంటికొస్తాడు.”

“విప్పను.”

“నీ కొడుకు బాబాయ్.”

“నా కొడుకనే.” ముసలాయన మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. “పిల్లకి ఏ కీడూ తగలకూడదని రెండు రోజులు నా చేత్తో ఇటుక మీద ఇటుక పెట్టుకున్నానమ్మా. అది ఆ గోడకవతల తాతా తాతా అని అరిచిందంట. వాళ్ళ మేనత్త చెప్పింది. వాడు జైలుకెళ్తే ఎన్నేళ్ళకైనా నాన్నా అంటా తిరిగొస్తాడు. ఈ సంగతి తెలిస్తే ఇంక నా దగ్గరికి రాడు.”

సీతారత్నం తల తిప్పింది. తలుపు దగ్గర అంకమ్మ నిలబడి ఉంది, చేతిలో మజ్జిగ గ్లాసుతో. ఎంతసేపట్నించి నిలబడిందో ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది.

“అంకీ,” అన్నాడు పోతయ్య.

ఆమె గ్లాసు తొణక్కుండా సీతారత్నం ముందు పెట్టింది. కొంగు నడుముకి బిగించింది. పెనిమిటి పక్కనుంచే నడిచి, పెరటి తడిక తోసుకుని, జీపు ఆగి ఉన్న వైపు వెళ్ళింది.

“అంకీ, నానికి చెప్పకే,” అన్నాడు ముసలాయన. ఆమె వెనక్కి తిరగలేదు.